కంప్యూటర్ల కథ – 19: మీ విండోస్ అసలుదేనా?

2006 ఏప్రిల్ చివరి వారంలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేసియా దేశాల్లో విండోస్ ఎక్స్‌పీ వాడుతున్నవాళ్ళ కంప్యూటర్లలోకి ఆటోమేటిక్ అప్‌డేట్స్ దారిన ఒక కొత్త ప్రోగ్రాం వచ్చి చేరింది. దాని సంఖ్య కేబీ 905474. పేరు విండోస్ జెన్యూన్ అడ్వాంటేజ్ నోటిఫికేషన్స్. వైరస్‌ల నుంచి కాపాడే భద్రతా ప్యాచ్‌లు ఏ వరసలో వస్తాయో, అదే ముఖ్యమైన అప్‌డేట్ల వరసలో వచ్చింది. ఒకసారి ఎక్కితే తీసేసే మార్గం ఇవ్వలేదు. అది చేసే పని ఒకటే. ఈ కంప్యూటర్లో ఉన్న విండోస్ డబ్బిచ్చి కొన్నదా, కాపీ కొట్టిందా అని చూడడం. కాపీ అని తోస్తే మీ విండోస్ అసలుది కాదనీ, మీరు నకిలీ సాఫ్ట్‌వేర్ బారిన పడి ఉండవచ్చనీ తెర మీద పదేపదే చెప్పేది.

జూన్ 5న లారెన్ వైన్‌స్టీన్ దీని గురించి రాశాడు. ఈయన కాలిఫోర్నియా మనిషి. ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ రోజుల నుంచీ నెట్‌వర్కుల మీద పనిచేసినవాడు, జనం గోప్యత గురించి ఏళ్ళ తరబడి రాస్తున్నవాడు. విండోస్ అసలుదేనని ఒకసారి తేలిపోయిన కంప్యూటర్ కూడా, తెరిచిన ప్రతిసారీ మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో మాట్లాడుతోందని ఆయన గమనించాడు. పరీక్ష నెగ్గినవాడిని మళ్ళీ మళ్ళీ పిలిచి అడగాల్సిన పనేముంది?

ఒకటి రెండు రోజుల్లోనే కంపెనీ ఒప్పుకుంది. అవును, రోజుకోసారి మాట్లాడుతోంది. ఇది ఇంకా ప్రయోగ దశలో ఉన్న ప్రోగ్రాం కాబట్టి, ఏదైనా తేడా వస్తే సర్వర్ నుంచే దాన్ని ఆపేయడానికి వీలుగా అలా పెట్టాం. వ్యక్తిగత సమాచారం ఏదీ తీసుకోవడం లేదు అని వివరణ ఇచ్చింది. రోజూ సర్వర్‌ను పలకరిస్తుందన్న సంగతి జనానికి ముందే చెప్పి ఉండాల్సిందని ఆ కార్యక్రమం చూసే డేవిడ్ లాజార్ అంగీకరించాడు. ఇకమీద 14 రోజులకోసారే అన్నారు. విమర్శ చల్లారలేదు. జూన్ 27న ఆ పలకరింపు తీసేసిన కొత్త కూర్పు విడుదల చేశారు, పాతదాన్ని తొలగించే పద్ధతి కూడా ప్రకటించారు.

కంపెనీ వివరణలోనే ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. ఇంకా ప్రయోగ దశలో ఉన్న ప్రోగ్రాంను, తీసేసే వీలు లేకుండా, ముఖ్యమైన అప్‌డేట్ పేరుతో కోట్లమంది సొంత కంప్యూటర్లలో పెట్టారు. తన యంత్రం మీద ప్రయోగం జరుగుతోందని యజమానికి తెలియాలి. గోప్యత అన్న మాట అక్కడే మొదలవుతుంది. ఏ సమాచారం పోయింది, ఎంత పోయింది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఈ స్థితి దాకా ఎలా వచ్చామో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. 1976 ఫిబ్రవరిలో 20 ఏళ్ళ బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచి ఉన్నవాళ్ళకు రాసిన బహిరంగ లేఖ గురించి ఈ ధారావాహికలో ముందే చెప్పుకున్నాం. ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం తాము రాసిన బేసిక్‌ను కాగితపు టేపుల మీద కాపీలు తీసి పంచుకుంటున్నారనీ, కొన్నవాళ్ళు పదిశాతం కూడా లేరనీ ఆయన బాధ. ఆ బాధలో న్యాయం ఉంది. రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాంకు ప్రతిఫలం అడగడం తప్పు కాదు. అయితే ఆనాడు గేట్స్ చేయగలిగింది ఉత్తరం రాయడమే. ఎవరి టేపు కొన్నదో, ఎవరిది కాపీదో ఆల్టెయిర్ డబ్బాను అడిగి తెలుసుకునే సాధనం ఆయన దగ్గర లేదు. ఇంటింటి కంప్యూటర్‌కూ ఇంటర్నెట్ తీగ తగిలాక ఆ సాధనం దొరికింది.

దొరికిన కొత్తలో అది ఎంత ఆశ పెట్టగలదో 1999 చూపించింది. ఆ జనవరిలో ఇంటెల్ కంపెనీ తన పెంటియం 3 ప్రాసెసర్లలో ఒక్కోదానికీ ఒక్కో సంఖ్య వేస్తామని చెప్పింది. నెట్‌లో వ్యాపారానికి పనికొస్తుందని దాని ఆలోచన. నెట్‌లో ఎక్కడ తిరిగినా వెంట వచ్చే గుర్తు అవుతుందని గోప్యతా సంఘాలు ఇంటెల్‌ను బహిష్కరించమని పిలుపిచ్చాయి. తర్వాతి తరం ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ సంఖ్యను వదిలేసింది.

అదే ఏడాది మార్చిలో మసాచుసెట్స్‌కు చెందిన ఫార్ ల్యాప్ సాఫ్ట్‌వేర్ అధిపతి రిచర్డ్ స్మిత్ మరొకటి బయటపెట్టాడు. విండోస్ 98 కొన్నవాళ్ళు పేరు నమోదు చేసుకునేటప్పుడు, మా కంప్యూటర్ వివరాలు పంపొద్దు అని స్పష్టంగా చెప్పినా, నెట్‌వర్క్ కార్డు చిరునామాను బట్టి తయారైన ఒక గుర్తింపు సంఖ్య మైక్రోసాఫ్ట్‌కు చేరుతోంది. పైగా ఆఫీస్ 97లో రాసిన ప్రతి పత్రంలోనూ అదే చిరునామా ఉన్న గుర్తు కంటికి కనిపించకుండా దాగి ఉంటోంది. రెండూ కలిపితే ఫలానా పత్రం ఫలానా పేరుగల మనిషి కంప్యూటర్లో పుట్టిందని చెప్పేయవచ్చు. కంపెనీ అది పొరపాటున జరిగిందని చెప్పి, ఆ సంఖ్యను పంపడం ఆపేస్తామనీ, అలా చేరిన సంఖ్యల్ని తుడిచేస్తామనీ మాట ఇచ్చింది. వద్దన్నాక కూడా వెళ్ళిన ఆ ఒక్క సంఖ్య జనం మనసులో అనుమానం నాటింది. ఆ అనుమానం తర్వాతి పదేళ్ళూ మైక్రోసాఫ్ట్‌ను వదల్లేదు.

2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. దాంతోపాటు యాక్టివేషన్ వచ్చింది. విండోస్ ఎక్కించిన 30 రోజుల్లోపు నెట్ ద్వారానో ఫోన్ ద్వారానో కంపెనీకి తెలియజేయాలి, లేకపోతే విండోస్ లోపలికి రానివ్వదు. ఒక సీడీని పది కంప్యూటర్లలో లోడ్ చేసే పాత అలవాటును ఆపడం దీని ఉద్దేశం. కొన్న సీడీ కీని ఒక కంప్యూటర్‌కు ముడిపెట్టాలి. మరి కంప్యూటర్‌ను గుర్తుపట్టడం ఎలా? లోపలి భాగాల్ని బట్టి. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్క్, దాని వాల్యూమ్ సంఖ్య, సీడీ డ్రైవ్, నెట్‌వర్క్ కార్డు చిరునామా, ప్రాసెసర్ రకం, ర్యామ్ ఎంత, ఇలా పది అంశాలు. ఇంటెల్‌తో వదిలించిన ఆ ప్రాసెసర్ సంఖ్య కూడా, ఉన్న కంప్యూటర్లలో, ఈ పదిలో ఒకటి.

మైక్రోసాఫ్ట్ మన యంత్రాన్నంతా తోడి చూస్తోందన్న భయం అప్పట్లో ఊరంతా ఉంది. ఆ భయాన్ని కొలిచి చూసినవాళ్ళు బెర్లిన్‌లోని ఫుల్లీ లైసెన్స్‌డ్ అనే చిన్న సంస్థ వాళ్ళు. 2001 జులైలో, ఎక్స్‌పీ అంగళ్ళకు రాకముందే, పరీక్షా కూర్పును విప్పి యాక్టివేషన్ ఎలా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు రాశారు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే, అందుకని కాస్త ఆగి చెబుతాను.

ఫోన్‌లో యాక్టివేట్ చేసేవాళ్ళు తెర మీద కనిపించే 50 అంకెల్ని చదివి వినిపించి, అటునుంచి చెప్పే 42 అంకెల్ని రాసుకుని టైప్ చేయాలి. ఆ 50 అంకెల్లో ఏముంది? సీడీ కీ నుంచి వచ్చిన సంఖ్య ఒకటి, యంత్రం గుర్తు ఒకటి. ఈ యంత్రం గుర్తు మొత్తం 64 బిట్లు మాత్రమే. అందులో నెట్‌వర్క్ కార్డు వాటా 10 బిట్లు, హార్డ్ డిస్క్‌ది 7, ప్రాసెసర్ సంఖ్యది 6, ర్యామ్‌ది 3. పది బిట్లతో రాయగలిగేది 1,024 రకాలే. ప్రపంచంలో ఉన్న కోట్ల నెట్‌వర్క్ కార్డుల్ని వెయ్యి పైచిలుకు గంపల్లో సర్దితే, ఏ గంప చూపించి ఇది ఫలానా ఇంటి కార్డు అని ఎవరూ చెప్పలేరు. పైగా కార్డు చిరునామాను నేరుగా తీసుకోకుండా, ఎండీ5 అనే గణితంతో కలగాపులగం చేసి, అందులో కొంత ముక్క మాత్రమే వాడుతున్నారు. వెనక్కి విప్పడం కుదరదు. ర్యామ్ మార్చినా డిస్క్ మార్చినా వెంటనే మళ్ళీ అడగకుండా కొంత సడలింపు కూడా ఉంది. గోప్యత విషయంలో జనం అనుకుంటున్నంత ప్రమాదం ఇందులో లేదని వాళ్ళు తేల్చారు.

అంటే అవసరమైన దానికన్నా తక్కువ తీసుకునే విద్య మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లకు 2001లోనే తెలుసు. యంత్రాన్ని గుర్తుపట్టాలి గానీ మనిషిని గుర్తుపట్టకూడదు అన్న జాగ్రత్తతో కొలతలు తీసి కట్టిన పని అది. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన తప్పులకు సాంకేతికత సాకు కాలేదు.

ఎక్స్‌పీ తలుపుకు ఇంకో వైపు గొళ్ళెం పెట్టలేదు. వందల కంప్యూటర్లున్న సంస్థలు ఒక్కోదాన్నీ యాక్టివేట్ చేయలేవని, వాటికి యాక్టివేషన్ అడగని వాల్యూమ్ లైసెన్స్ కీలు ఇచ్చారు. అలాంటి కీ ఒకటి, ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అన్న అక్షరాలతో మొదలయ్యేది, ఎక్స్‌పీ విడుదలకు ముందే బయటికి పొక్కింది. ప్రపంచమంతా సీడీల మీద స్కెచ్ పెన్నుతో రాసుకుని తిరిగింది. 2002 సెప్టెంబర్‌లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 దాన్ని గుర్తుపట్టి నిరాకరించింది, అప్పటికే వేరే కీలు వచ్చేశాయి.

మన దగ్గర ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్క్ విడివిడిగా బేరమాడి అసెంబుల్డ్ కంప్యూటర్ చేయించుకునే కాలం. బిల్లులో విండోస్ అన్న వరసే ఉండేది కాదు చాలాసార్లు. కంప్యూటర్ కొంటే విండోస్ దాంట్లోనే ఉంటుందనుకున్న తల్లిదండ్రులు ఎందరో. పిల్లల ఇంజనీరింగ్ చదువు కోసం అప్పు చేసి యంత్రం తెచ్చినవాళ్ళకు, అందులో కంటికి కనిపించనిది ఒకటి విడిగా కొనాలని చెప్పినవాళ్ళు లేరు. వైరస్ వస్తే మళ్ళీ అదే కుర్రాడిని పిలిచి ఫార్మాట్ కొట్టించుకునేవాళ్ళు, అదే సీడీతో.

మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో 63బి సెక్షన్ చేరింది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు లేకుండా వదిలే వీలు కూడా కోర్టుకు ఉంది. తెలిసీ అన్న షరతు లేకుండా అక్కడ నేరం లేదు. కీని పరీక్షించే ప్రోగ్రాంకు ఆ షరతు అందదు. వాడుకరికి తెలుసా తెలియదా, మోసం చేశాడా మోసపోయాడా అన్నది కీలో ఉండదు. మైక్రోసాఫ్ట్‌కు ఈ సంగతి తెలుసు, అందుకే తన హెచ్చరికలో మీరు మోసపోయి ఉండవచ్చు అన్న మాట పెట్టింది. నమ్మించేలా తయారైన నకిలీ సీడీ కొన్నవాళ్ళు, కొన్న రుజువు, ఆ సీడీ, అమ్మినవాడి వివరాలు ఇస్తే ఉచితంగా అసలు కాపీ ఇస్తామని 2005లో ప్రకటించింది కూడా. బిల్లు లేకుండా కొన్నవాడికి మాత్రం ఆ మేలు అందదు.

2005 జులై చివర్లో జెన్యూన్ అడ్వాంటేజ్ పరీక్ష తప్పనిసరి అయింది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఏది దింపుకోవాలన్నా ముందు విండోస్ అసలుదని నిరూపించుకోవాలి. భద్రతా ప్యాచ్‌లకు మాత్రం మినహాయింపు. ఈ మినహాయింపు చాలా తెలివైన నిర్ణయం. 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ అనే కంప్యూటర్ పురుగులు (వర్మ్‌లు) ప్యాచ్ వేయని కంప్యూటర్ల ద్వారానే ప్రపంచాన్ని చుట్టాయి. దొంగ కాపీ ఉన్న కంప్యూటర్‌కు పురుగు సోకితే అది పక్కనున్న అసలు కాపీని కూడా వదలదు. ఇక ఆ పరీక్ష సంగతి చూస్తే, తప్పనిసరి చేసిన ఒకటి రెండు రోజుల్లోనే, బ్రౌజర్ అడ్రస్ పట్టీలో ఒక్క వరస జావాస్క్రిప్ట్ టైప్ చేస్తే అది మౌనంగా తప్పుకునేదని తేలింది. కాపీ కొట్టేవాడు ఆ వరస తెలుసుకుని దాటిపోయాడు. కొన్నవాడు వరసలో నిలబడి నిరూపించుకున్నాడు.

ఆ ఏడాది అక్టోబర్ 31న మార్క్ రస్సినోవిచ్ అనే విండోస్ నిపుణుడు, సోనీ బీఎంజీ పాటల సీడీలు కాపీ కాకుండా ఆపడానికి మన కంప్యూటర్లో దొంగచాటుగా రూట్‌కిట్ అనే ప్రోగ్రాంను దాస్తున్నాయని బయటపెట్టాడు. కాపీల్ని అడ్డుకునే పేరుతో కంపెనీలు ఎంత దూరం వెళ్తాయో అన్న కోపం అప్పటికింకా ఆరలేదు. (మరుసటి ఏడాది రస్సినోవిచ్ మైక్రోసాఫ్ట్‌లోనే చేరాడు.) 2006 ఏప్రిల్ నాటి కేబీ 905474 ఆ వేడిలో దిగింది.

అది నిజంగా ఏం పంపేది? సీడీ కీ, కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ పేరు, విండోస్ కూర్పు, బయోస్ వివరాలు, భాష, ప్రాంతం, హార్డ్ డిస్క్ సంఖ్య. పేరు లేదు, ఫైళ్ళు లేవు, చూసిన పేజీలు లేవు. కానీ సర్వర్‌తో మాట్లాడే ఏ యంత్రమైనా తన ఐపీ చిరునామా చూపించక తప్పదు. రోజూ మాట్లాడితే, ఏ యంత్రం ఏ రోజు ఏ చోటు నుంచి లేచిందో రాసుకునే వీలు అవతలివాళ్ళకు ఉంటుంది. రాసుకున్నారని నేను అనడం లేదు. ఆ వీలు తమ మీద ఉందని వాడేవాళ్ళకు తెలియకపోవడమే తప్పు అంటున్నాను.

జూన్ చివర్లో సియాటెల్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. చెప్పకుండా వచ్చి, చెప్పకుండా మాట్లాడి, తీయడానికి వీల్లేకుండా కూర్చున్నది కాబట్టి ఇది స్పైవేర్ అని, వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాల చట్టాల కింద వాదించారు. కేసు ఏళ్ళు సాగింది. అందులో 2009 జూన్‌లో న్యాయమూర్తి రిచర్డ్ జోన్స్ ఇచ్చిన ఒక తీర్పు ఈ కేసును మించి గుర్తుండిపోయింది. వ్యక్తిగత సమాచారం తీసుకోం అని ఒప్పందంలో రాసి, ఐపీ చిరునామా తీసుకోవడం మాట తప్పడమే కదా అన్నది ఫిర్యాదు. ఐపీ చిరునామా కంప్యూటర్‌ను గుర్తిస్తుంది గానీ మనిషిని గుర్తించదు, కాబట్టి అది వ్యక్తిగత సమాచారం కిందికి రాదు అన్నాడు జోన్స్. యూరప్ అటు తర్వాత దాదాపు దీనికి ఎదురు దారిలో నడిచింది. బాధితులందరి తరఫునా ఒకే దావాగా సాగించడానికి 2010 ఆరంభంలో కోర్టు ఒప్పుకోలేదు, ఆ వెంటనే కేసు ముగిసిపోయింది.

ఈలోపు లెక్కలు పెరిగాయి. 2007 జనవరి నాటికి 51 కోట్లకు పైగా పరీక్షలు జరిగాయనీ, అందులో 22 శాతానికి పైగా అసలువి కావని తేలిందనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. పొరపాటు పడేది చాలా అరుదు అని కూడా చెప్పింది. అరుదు అన్న మాటను ఇంత పెద్ద సంఖ్య పక్కన పెట్టి చూడాలి. వెయ్యికి ఒక్కటి తప్పినా 51 కోట్లలో అది 5 లక్షలు దాటుతుంది. అంతమంది డబ్బు పెట్టి కొని కూడా దొంగ అనిపించుకుంటారు.

ఆ ఏడాది ఆగస్టులో అరుదైనది జరిగింది. 24వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం, అమెరికా పశ్చిమ తీరం సమయం ప్రకారం మూడున్నరకు, ఇంకా పరీక్షలో ఉన్న ప్రోగ్రాం కోడ్‌ను పొరపాటున అసలు సర్వర్ల మీదకు ఎక్కించారు. అక్కడి నుంచి మర్నాటి దాకా, 19 గంటలకు పైగా, ఆ సర్వర్లు అడిగినవాళ్ళలో చాలామందికి మీది నకిలీ అని జవాబిచ్చాయి. ఎక్స్‌పీ వాళ్ళకు హెచ్చరికలు. కొత్తగా వచ్చిన విస్టా వాడుతున్నవాళ్ళకు ఏరో లాంటి హంగులు కళ్ళముందే మాయమయ్యాయి. దెబ్బ తిన్న యంత్రాలు 12 వేల లోపే అని కంపెనీ తర్వాత ప్రకటించింది.

దీనిపై మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వివరణ నిజాయితీగా ఉంది, అందులో మనం నేర్చుకోదగ్గదీ ఉంది. సర్వర్లు పూర్తిగా పడిపోయి ఉంటే ఏ ఇబ్బందీ వచ్చేది కాదు, ఎందుకంటే జవాబు రాకపోతే అసలుదే అనుకోమని విండోస్‌కు ముందే నేర్పి ఉంచారు. ఆ రోజు సర్వర్లు పడిపోలేదు. బతికే ఉండి, తప్పు చెప్పాయి. తప్పు చెప్పే సర్వర్‌ను ఏం చేయాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. కొన్నవాడి మాటకూ సర్వర్ మాటకూ తేడా వస్తే సర్వర్ మాటే నెగ్గేలా కట్టిన ఏర్పాటు అది. బిల్లు చూపించి వాదించుకునే కిటికీ ఏదీ ఆ కిటికీల్లో లేదు. సరిగ్గా పదేళ్ళ తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే అయినా నాకు ఆ రెండూ ఒకేసారి గుర్తొస్తాయి.

విస్టాలో అంతకుముందు ఇంకా కఠినమైన ఏర్పాటు ఉండేది. గడువులోగా యాక్టివేట్ చేయకపోతే గంటసేపు బ్రౌజర్ మాత్రం తెరవనిచ్చి, ఆపైన బయటికి పంపేసేది. 2007 డిసెంబర్‌లో దాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించి, 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో హెచ్చరికలకే పరిమితం చేశారు.

ఆ హెచ్చరికల్లో ఒకటి 2008 అక్టోబర్ 20న చైనాకు వెళ్ళింది. నకిలీ విండోస్ ఉన్న కంప్యూటర్లో డెస్క్‌టాప్ వెనక బొమ్మ పోయి నల్లగా మారేది. మళ్ళీ బొమ్మ పెట్టుకోవచ్చు, గంట తర్వాత మళ్ళీ నలుపు. చైనాలో అప్పటికి దొంగ కాపీ ఎంత మామూలో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. టొమేటో గార్డెన్ అన్న పేరుతో ముస్తాబు చేసిన ఎక్స్‌పీ కాపీ దేశమంతా పేరు మోసింది, దాన్ని తయారుచేసినవాడిని ఆ ఆగస్టులోనే అరెస్టు చేశారు, మరుసటి ఏడాది మూడున్నరేళ్ళ జైలు పడింది. అలాంటి చోట తెరలు నల్లబడేసరికి గగ్గోలు పుట్టింది. మా యంత్రంలోకి మా అనుమతి లేకుండా చొరబడ్డారని బీజింగ్‌లో ఒక న్యాయవాది ప్రజాభద్రతా శాఖకు ఫిర్యాదు చేశాడు. ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేసుకోండి, నలుపు రాదు అన్న సలహా చేతులు మారుతూ పాకిపోయింది.

మూడు రోజులకు, అక్టోబర్ 23న, మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ కోసం ఆగకుండా ఎంఎస్08-067 అనే అత్యవసర ప్యాచ్ విడుదల చేసింది. ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే నెట్‌వర్క్ మీదుగా యంత్రంలోకి దూరిపోయే వీలున్న లోపం అది. నవంబర్‌లో ఆ లోపాన్ని పట్టుకుని కాన్ఫికర్ పురుగు బయల్దేరింది, లక్షలాది యంత్రాలకు సోకింది. అది బాగా పాకిన దేశాల్లో చైనా ఒకటి. నలుపుకు భయపడి అప్‌డేట్లు ఆపుకున్న ఏ కంప్యూటర్‌కూ ఆ ప్యాచ్ దానంతటదే అందలేదు.

ఈ కథలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ మూడు రోజుల్లో ఉంది. టీకా వేయడానికి ఇంటింటికీ వచ్చే నర్సమ్మ చేతికే సోదా చేసే పని కూడా అప్పజెబితే, ఊళ్ళో తలుపులు మూసుకుంటాయి. అసలు కాపీయా కాదా అని అడిగే హక్కు తయారుచేసినవాడికి ఉంది. ఆ అడగడాన్ని భద్రతా ప్యాచ్ వచ్చే దారిలో పంపే హక్కు లేదు. 2005లో ప్యాచ్‌లకు మినహాయింపు ఇచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. 2006లో పరీక్షను ప్యాచ్‌ల వరసలో పెట్టినప్పుడు వాళ్ళు కట్టుకున్న ఆ మంచి గోడను వాళ్ళే తవ్వుకున్నారు. అప్‌డేట్ అంటే మన మంచికే అన్న నమ్మకం అక్కడ పోయింది. ఈరోజుకీ మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో అప్‌డేట్ అనగానే తర్వాత చూద్దాం అనే చేతుల వెనక ఆ పాత భయం కొంత ఉందని నా నమ్మకం.

లైసెన్స్ పరీక్ష సర్వర్ చేతిలోంచి పోలీసు చేతిలోకి వెళ్తే ఎలా ఉంటుందో సైబీరియాలో చూడొచ్చు. బైకాల్ సరస్సు ఒడ్డున మూతపడిన కాగితపు మిల్లును మళ్ళీ తెరవడానికి 2010 జనవరిలో రష్యా ప్రభుత్వం అనుమతించింది. సరస్సు పాడవుతుందని ఇర్కుట్స్క్‌లోని బైకాల్ ఎన్విరాన్‌మెంటల్ వేవ్ అనే సంస్థ నిరసనకు దిగింది. ఆ నెలాఖరులో పోలీసులు వాళ్ళ ఆఫీసుకు వచ్చి, దొంగ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఉందని అనుమానం అంటూ కంప్యూటర్లను పట్టుకుపోయారు. మాది లైసెన్స్ ఉన్నదే, రశీదులు ఇవిగో అన్నా వినలేదు. కంప్యూటర్లతోపాటు సభ్యుల ఉత్తరాలు, ప్రణాళికలు, సాయం చేసేవాళ్ళ వివరాలు అన్నీ వెళ్ళిపోయాయి. సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి రాసింది. రష్యాలో ఇలాంటి దాడులు మరెన్నో జరుగుతున్నాయనీ, మైక్రోసాఫ్ట్ తరఫు న్యాయవాదులు పోలీసుల వైపే నిలిచారనీ ఆ కథనంలో ఉంది.

రెండు రోజుల్లో మైక్రోసాఫ్ట్ ముఖ్య న్యాయాధికారి బ్రాడ్ స్మిత్ జవాబిచ్చాడు. ఆయన చేసిన పని మెచ్చుకోవాలి. స్వచ్ఛంద సంస్థలూ చిన్న పత్రికా సంస్థలూ దరఖాస్తు కూడా పెట్టనక్కర్లేకుండా, వాళ్ళ కంప్యూటర్లలో ఉన్న మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌కు దానంతటదే వర్తించే ఉచిత లైసెన్స్ ప్రకటించాడు. అసలుదా నకిలీదా అన్న ప్రశ్నే మిగలకపోతే, ఆ ప్రశ్న పేరుతో తలుపు తట్టే పోలీసుకు సాకు మిగలదు. గోప్యతను కాపాడడానికి ఈ కంపెనీ ఒక్క వరస కోడ్ కూడా రాయకుండా, ఒక కాగితంతో చేసిన మేలు ఇది.

ఆ ప్రశ్నే లేని దారిలో ఇంకొందరు ముందే నడుస్తున్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చారు. కాపీ చేసుకో, పంచుకో అని లైసెన్సే చెబుతుంది కాబట్టి, అక్కడ సీడీ కీని అడిగే సర్వర్‌కు పని లేదు.

మైక్రోసాఫ్ట్ కూడా కొంత నేర్చుకుంది. 2010 ఫిబ్రవరిలో విండోస్ 7 కోసం వచ్చిన కేబీ 971033 అప్‌డేట్ కూడా దొంగ యాక్టివేషన్లను వెతికేదే, అది కూడా 90 రోజులకోసారి సర్వర్‌తో మాట్లాడేదే. కానీ ఈసారి ముందే చెప్పారు, వేసుకోవడం మీ ఇష్టం అన్నారు, తీసేసుకునే వీలూ ఇచ్చారు. వైన్‌స్టీన్ దీన్ని కూడా విమర్శించాడు. అయినా నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్‌కూ దీనికీ ఉన్న తేడా చిన్నది కాదు.

తర్వాత ఆట స్వరూపమే మారింది. 2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 వాడుతున్నవాళ్ళకు ఏడాదిపాటు ఉచితం. 25 అంకెల, అక్షరాల సీడీ కీని కాగితం మీద రాసుకునే అవసరం చాలామందికి తప్పిపోయింది. యంత్రం గుర్తే లైసెన్స్ అయింది, సర్వర్లో నమోదై ఉంటుంది. అసలుదేనా అని అడిగే కిటికీ వెనక్కి జరిగింది. ఆ చోటులోకి, ఈ యంత్రాన్ని మీరు ఎలా వాడుతున్నారో మాకు చెప్పండి అనే ఇంకో కిటికీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2016 జులైలో, ఫ్రాన్స్ గోప్యతా సంస్థ సీఎన్‌ఐఎల్ ఈ సమాచార సేకరణ మితిమీరి ఉందనీ, ప్రకటనల కోసం గుర్తింపు సంఖ్యను వాడుకరి ఒప్పుకోలు లేకుండానే పెట్టారనీ నోటీసు ఇచ్చి, సరిదిద్దుకోవడానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ నోటీసులో ఏముంది, మైక్రోసాఫ్ట్ ఏం మార్చింది అన్నది వచ్చే భాగంలో.

(సశేషం)